బ్రూజ్ కాలువలు చూశాక మన కాలువగట్ల గురించి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి డెల్టా కాలువలకు నీరు ఆపి, కట్టేసే రోజులు దగ్గర పడుతున్నాయి. ఏటా ఈ సమయంలో మంచినీటి చెరువులు నిండాయా, శివారు చేలకు నీరు అందిందా అన్న వార్తలను మీ పత్రిక శ్రద్ధగా ప్రచురిస్తూ వస్తోంది. ఆ వార్తలతోపాటు, ఊళ్ళ మధ్యగా పారే కాలువ ఏ స్థితిలో ఉంది, దాని గట్టు ఏ స్థితిలో ఉంది అన్న విషయం మీదికి కూడా పాఠకుల దృష్టి మళ్ళాలన్న కోరికతో ఈ లేఖ రాస్తున్నాను. కిందటి వేసవిలో బ్రస్సెల్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, నేనూ మావారూ ఒక రోజు పొద్దున్నే రైలెక్కి బ్రూజ్ అనే పాత నగరానికి వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చాము. నేను నరసాపురం ప్రాంతంలో బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. మావారు నీటిపారుదల శాఖలో పనిచేసి, ఉద్యోగకాలమంతా కాలువగట్ల మీదే గడిపినవారు. అందువల్ల ఆ నగరంలో మేము చూసినవాటిలో ఎక్కువ భాగం నీటికి సంబంధించినవే అయ్యాయి.

బ్రూజ్ బెల్జియం దేశంలో పశ్చిమ ఫ్లాండర్స్ అనే రాష్ట్రానికి రాజధాని. బ్రస్సెల్స్ నుంచి రైలులో గంట ప్రయాణం. 1134లో వచ్చిన పెద్ద ఉప్పెన సముద్రతీరాన్ని కోసివేసి, జ్విన్ అనే పాయను నగరానికి చేరువగా తీసుకువచ్చిందని, ఆ పాయ మీదుగా ఇంగ్లండు ఉన్ని, ఇటలీ వర్తకుల సరుకులు దిగుమతి అయ్యి, ఫ్లాండర్స్ బట్టలు ఎగుమతి అయ్యి, 13 నుంచి 15వ శతాబ్దం వరకు ఉత్తర ఐరోపాలోని అతి సంపన్నమైన వర్తక నగరాల్లో ఒకటిగా అది వెలిగిందని చరిత్ర చెబుతుంది. తరువాత ఆ పాయలోనే ఒండ్రూ ఇసుకా మేట వేశాయి. పెద్ద ఓడలు రావడం మానేశాయి. 1500 నాటికి వర్తకం ఆంట్వెర్ప్ నగరానికి తరలిపోయింది. కోరంగి రేవు కథ తెలిసిన గోదావరి జిల్లాలవారికి ఇది కొత్తగా అనిపించదు. 1839 నాటి తుపాను, ఆ తరువాతి ఇసుక మేటలు కలిసి ఒకనాటి గొప్ప ఓడరేవును చిన్న ఊరిగా మిగిల్చి, వ్యాపారాన్ని కాకినాడకు పంపించాయి కదా. అయితే కోరంగిలో పాత కట్టడాలు మిగలలేదు; బ్రూజ్‌లో మిగిలాయి. వాటిని పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత నాలుగు శతాబ్దాలపాటు ఆ ఊరికి లేకపోవడమే అందుకు మొదటి కారణమని అక్కడివారే చెబుతారు. ఉన్నవాటిని చెడనివ్వకూడదన్న పట్టుదల ఆ తరువాత వచ్చింది. 2000లో యునెస్కో ఆ పాత నగర భాగాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

రైల్వే స్టేషను నుంచి ఊరి నడిబొడ్డుకు నడిచే వెళ్ళవచ్చు. మేమూ నడిచాము. ముందుగా మిన్నెవాటర్ అనే పొడవాటి చెరువు తగిలింది. పూర్వం గెంట్ నగరం వైపు నుంచి వచ్చే పడవలు నిలిచే రేవు అది. దాని చివర, వంతెన పక్కన, లాకు (నీటిమట్టం నిలబెట్టి పడవలను దాటించే తలుపుల కట్టడం) మనిషి ఉండేందుకు కట్టిన పాత ఇటుక ఇల్లు ఇప్పటికీ ఉంది. మావారు అక్కడ ఆగిపోయారు. నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ తలుపుతో మట్టం నిలబెడుతున్నారు, దిగువకు ఎలా వదులుతున్నారు అని వంగి వంగి చూస్తూ ఉండగా, మిగిలిన యాత్రికులందరూ హంసల ఫొటోలు తీసుకుంటున్నారు. "లాకు పనిచేసినా మానినా, ఇల్లు మాత్రం పడిపోనివ్వలేదు చూడు," అని ఆయన నాతో అన్నారు. మన డెల్టాలో శిథిలమైపోయిన లాకు క్వార్టర్లు ఎన్ని ఉన్నాయో ఆయనకు తెలుసు గనుక, ఆ మాటలోని బాధ నాకు అర్థమైంది.

ఆ వంతెన దాటగానే బెగీన్ స్త్రీల వాడ ఉంది. సన్యాసం పుచ్చుకోకుండానే, పెళ్ళి చేసుకోకుండా, తమ కష్టం మీద తాము బతుకుతూ, దైవచింతనలో కలిసి జీవించిన ఆడవాళ్ళ కోసం 1245లో ఏర్పడిన వాడ అది. ఎత్తయిన చెట్ల చుట్టూ తెల్లని సున్నపు గోడల ఇళ్ళు. 1927 నుంచి బెనెడిక్టైన్ సన్యాసినులు అక్కడ ఉంటున్నారు. నెమ్మదిగా మాట్లాడమని లోపల బోర్డు పెట్టారు, వచ్చినవాళ్ళందరూ దాన్ని పాటిస్తున్నారు. మధ్యయుగంలో భర్త అండ లేని స్త్రీలకు గౌరవంగా బతికే చోటు ఒకటి ఆ ఊళ్ళో ఉండేదన్న విషయం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. అక్కడికి దగ్గరలోనే 12వ శతాబ్దంలో మొదలై 1970ల వరకు రోగులకు సేవచేసిన సెయింట్ జాన్ ఆసుపత్రి ఉంది. ఇప్పుడు అది 15వ శతాబ్దపు చిత్రకారుడు హాన్స్ మెమ్లింగ్ చిత్రాల ప్రదర్శనశాల. ఎదురుగా ఉన్న మేరీమాత చర్చి గోపురం 115 మీటర్ల ఎత్తున పూర్తిగా ఇటుకతో కట్టినది. మైకెలాంజిలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి విగ్రహం ఆ చర్చిలో ఉంది. 1794లో ఫ్రెంచివారు, 1944లో జర్మన్లు దాన్ని ఎత్తుకుపోగా, రెండుసార్లూ అది తిరిగి తన చోటికే చేరింది.

మధ్యాహ్నం మా అమ్మాయి కట్టి ఇచ్చిన పులిహోర ఒక కాలువగట్టు బల్ల మీద కూర్చుని తిన్నాము. ఆ గట్టున కూర్చుని అన్నం తినగలిగామన్న మాటను నేను కావాలనే రాస్తున్నాను. మన పట్టణాల్లో కాలువ పక్కన కూర్చుని ఒక ముద్ద తినగలిగే చోటు ఎక్కడుందో పాఠకులు ఒకసారి గుర్తు చేసుకోవాలని నా కోరిక.

తరువాత పడవ ఎక్కాము. సుమారు అరగంట తిప్పుతారు. పడవ నడిపే యువకుడు డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లో మార్చి మార్చి వివరిస్తూ, తక్కువ ఎత్తు వంతెనల కింద తలలు వంచమని హెచ్చరిస్తూ, ఇటుక ఇళ్ళ గోడల పక్కగా పడవను పోనిచ్చాడు. (17వ శతాబ్దంలో మన పాలకొల్లులో స్థావరం పెట్టుకుని బట్టల వ్యాపారం చేసిన డచ్చివారి భాష ఇదే కదా అని మావారు నాకు గుర్తు చేశారు.) ఇళ్ళ గోడలు నేరుగా నీటిలోంచే లేస్తాయి. ఇంటి కిటికీలు, పూలకుండీలు, చిన్న మెట్లు అన్నీ కాలువ వైపే ఉన్నాయి. ఆ ఊరికి కాలువ పెరడు కాదు, వీధి. మేము ఇద్దరమూ మాత్రం నీటి వాసన కోసం, గోడల్లోంచి పడే తూముల కోసం వెతికాము. వాసన లేదు. ఇంటి మురుగు పడుతున్న తూము మాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ కాలువలు ఎప్పుడూ అలాగే ఉండేవని అనుకోవడం పొరపాటు. 1970ల దాకా బ్రూజ్ కాలువల్లోకి ఇళ్ళ మురుగు నేరుగా పడేది, నీరు కంపు కొట్టేది, పాత ఇళ్ళు ఖాళీ అవుతూ ఉండేవి. 1972లో ఆ నగరం ఒక సమగ్ర ప్రణాళిక వేసుకుంది. పాత ఇళ్ళను పడగొట్టకుండా బాగుచేసుకోవడానికి సహాయం చేయడం, మురుగును వేరే గొట్టాల్లోకి మళ్ళించి శుద్ధి చేయడం, కాలువలను శుభ్రం చేయడం ఆ పనిలో భాగాలయ్యాయి. ఈనాడు కూప్యూర్ అనే కాలువ భాగంలో వేసవిలో జనం ఈత కొడుతున్నారు. ఒక తరం మనుషులు కంపు కొట్టే నీటిగా చూసిన కాలువలో వారి మనవలు ఈదుతున్నారు. మధ్యయుగపు గొప్ప శిల్పాలకన్నా, బురుజులకన్నా నాకు ఆ నగరంలో ఎక్కువ విలువైనదిగా తోచింది ఈ సంగతే.

సాయంత్రం మార్కెట్ కూడలికి చేరాము. అక్కడి గంటస్తంభం ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366, గంటలు 47. మోకాళ్ళ నొప్పుల వల్ల నేను ఎక్కలేదు. మావారు ఎక్కి వచ్చి, పైనుంచి చూస్తే చుట్టూ కనుచూపు మేర మన కోనసీమ నేలంత చదునుగా, పంటలూ కాలువలూ కలిసి కనిపించాయని చెప్పారు. 13వ శతాబ్దంలో ఆ స్తంభానికి పునాది వేసేనాటికి, చాళుక్య భీముడి కాలపు ద్రాక్షారామ భీమేశ్వరాలయం వయసు మూడు వందల ఏళ్ళకు పైనే. పాత వైభవం చూడటానికి ఐరోపా దాకా వెళ్ళనక్కరలేదు. ఆ పాత కట్టడం చుట్టూ ఉన్న ఊరిని ఎంత మర్యాదగా ఉంచుకోవచ్చో చూడటానికి మాత్రం వెళ్ళడం మంచిదే.

లేసు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నరసాపురం మనిషిని. బ్రూజ్ లేసు ప్రపంచ ప్రసిద్ధం. దిండు మీద నమూనా కాగితం పరిచి, గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కొయ్య కదుళ్ళకు చుట్టిన దారాలను ఒకదాని మీదుగా ఒకటి తిప్పుతూ అల్లుతారు. మన ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చినది ఒక్క కొక్కెపు సూదితో అల్లే క్రోషే లేసు. రెండింటికీ ఓపిక ఒకటే, కళ్ళు పోవడమూ ఒకటే. అక్కడి లేసు కేంద్రంలో వయసు మళ్ళిన స్త్రీలు కూర్చుని అల్లుతూ, వచ్చినవారికి ఓపికగా చూపిస్తున్నారు, నేర్చుకోవాలనుకున్నవారికి తరగతులు పెడుతున్నారు. బజారు దుకాణాల్లో వేలాడేది మాత్రం చాలావరకు యంత్రాల సరుకే. చేతిపని ఖరీదు చెబితే కొనేవారు వెనక్కి తగ్గుతారట. మన అమ్మలూ, వదినలూ నడవాలో చాపల మీద కూర్చుని అల్లిన బల్ల గుడ్డలు వందేళ్ళకు పైగా ఐరోపా ఇళ్ళకు చేరుతున్నాయి. అల్లిన చేతికి దక్కినది మాత్రం ఎప్పుడూ అతి స్వల్పమే. పాలకొల్లు నుంచి నరసాపురం వచ్చే కాలువగట్టు మీద ఒక చక్కని మండువా ఇంటిని బాగుచేసి, అందులో లేసు అల్లేవారు కూర్చుని పనిచేస్తూ, తమ ధర తాము చెప్పుకుని అమ్ముకునే వీలు కల్పిస్తే, ఆ గట్టుకూ గౌరవం, వారికీ గౌరవం.

బ్రూజ్‌లో అంతా బాగుందని నేను చెప్పడం లేదు. కోటలోపలి పాత భాగంలో స్థిరంగా ఉండేవారు సుమారు 20 వేల మందే. పగటిపూట యాత్రికులతో వీధులు నిండిపోతాయి. చాక్లెట్ దుకాణాలు పెరిగి, ఊరివారికి కావలసిన సామాన్ల దుకాణాలు తగ్గాయన్న బాధ అక్కడివారిలో ఉంది. కానీ ఆ బాధకు వారు మందు వెతుకుతూనే ఉన్నారు. యాత్రికుల బస్సులు పాత ఊళ్ళోకి రాకుండా బయటే నిలిపివేస్తారు. ఊరి నడుమ ఉన్న ఒక పాత బీరు తయారీశాల, లారీలు సన్నని వీధుల్లో తిరగకుండా, భూమి కింద సుమారు మూడు కిలోమీటర్ల గొట్టం వేసి, సరుకును 2016 నుంచి ఊరి బయటి సీసాల కర్మాగారానికి పంపుతోంది. అందుకైన ఖర్చులో కొంత సామాన్య జనమే చందాగా ఇచ్చారు. వ్యాపారి కూడా వీధి గురించి ఆలోచించాడన్నది నాకు నచ్చింది.

ఇక మన కాలువల సంగతికి వస్తాను. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించినప్పుడు, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలను పంటకు మాత్రమే ఉద్దేశించలేదు. పడవలు నడవాలని లాకులు కట్టించారు. కాకినాడ నుంచి ఏలూరు, విజయవాడ మీదుగా బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా ధాన్యం పడవలు వెళ్ళిన మార్గం ఇదే. ప్రభుత్వం 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్న ఈ మార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. దాదాపు పది లక్షల ఎకరాలకు నీరిచ్చే ఈ కాలువల వెంటే మన ఊళ్ళన్నీ పెరిగాయి. మా చిన్నతనంలో కాలువ రేవు అంటే స్నానాలు, బిందెలు, బట్టలు, కబుర్లు, కార్తీకంలో అరటిదొప్పల దీపాలు. ఈనాడు పట్టణాల్లో ఇళ్ళూ దుకాణాలూ కాలువకు వీపు పెట్టి నిలబడ్డాయి. వీధి కాలువల మురుగు, మరుగుదొడ్ల గొట్టాలు, కోళ్ళ అంగళ్ళ వ్యర్థాలు, కల్యాణమండపాల ఎంగిలాకులు, ప్లాస్టిక్ సంచులు అందులోకే చేరుతున్నాయి. ఆ మురుగును తిని గుర్రపుడెక్క బలుస్తోంది. కొన్నిచోట్ల రొయ్యల చెరువుల నీళ్ళు మురుగు డ్రెయిన్లలోకి పోవలసింది పోయి పంటకాలువలోకి పడుతున్నాయి.

బ్రూజ్ కాలువ నీరు ఎవరూ తాగరు. మనం తాగుతాము. తీరానికి దగ్గరగా ఉన్న మా మండలాల్లో భూగర్భ జలం ఉప్పుగా ఉంటుంది గనుక, కాలువ కట్టేసే ముందు ఆ నీటితోనే మంచినీటి చెరువులు నింపుకుని వేసవంతా గడుపుతాము. ఎగువ ఊరు వదిలిన మురుగు దిగువ ఊరి చెరువులోకి వస్తుంది, అక్కడి నుంచి కుళాయిలోకి వస్తుంది. అందం కోసం శుభ్రం చేసుకున్నవారికన్నా, గొంతు తడుపుకోవడానికి ఆ నీటి మీదే ఆధారపడినవారికి తొందర ఎక్కువ ఉండాలి.

వారు ధనవంతులు, మనకు అంత డబ్బెక్కడిది అని కొందరు అనవచ్చు. మురుగు శుద్ధి కేంద్రాలు కట్టడం ఖర్చుతో కూడిన పనే, కాలం కూడా పడుతుంది. కానీ ఏ గొట్టం ఎక్కడ కాలువలో కలుస్తోందో చూసి రాసుకోవడానికి ఖర్చేమీ లేదు. కాలువ కట్టేసిన వారాల్లో అడుగు బయటపడుతుంది, ప్రతి తూమూ కంటికి కనిపిస్తుంది. ఆ సమయంలో పూడిక తీయడంతోపాటు, పట్టణ పరిధిలోని తూములన్నిటినీ గుర్తించి, వాటి జాబితాను వార్డులవారీగా జనానికి కనిపించేలా పెట్టి, కొత్తగా ఒక్క గొట్టమైనా పడకుండా ఆపగలిగితే, మళ్ళీ నీరు వదిలేనాటికి కొంత మార్పు తప్పక ఉంటుంది. పూర్వం గట్టు వెంట రోజూ తిరిగి కాపలా కాసే లస్కర్లు అనే సిబ్బంది ఉండేవారు. వారి సంఖ్య తగ్గిన తరువాతే గట్ల మీద ఆక్రమణలు, కాలువలోకి గొట్టాలు పెరిగాయని మావారు తన అనుభవం మీద చెబుతారు. ఆ ఖాళీలు నింపమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

రెండో విన్నపం పాత కట్టడాల గురించి. ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా నాగారం లంకకు నీరు తీసుకువెళ్ళిన 19వ శతాబ్దపు పాత అక్విడక్టు, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్త అక్విడక్టు పక్కనే నిలిచి ఉంది. ఆ కమానులను చూసి నిలబడిపోని మనిషి ఉండడు. ఇలాంటివి, వీటికన్నా చిన్నవి, పేరు లేని లాకులు, రాతి రేవు మెట్లు, లాకు ఇళ్ళు డెల్టా అంతటా ఉన్నాయి. సిమెంటు పూసి రూపం మార్చకుండా, చెట్లు మొలిచి పగలకుండా చూస్తే చాలు. యాత్రికుల కోసం కాదు, ముందుగా మన బడిపిల్లల కోసం. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది లాకు తలుపులు ఎలా పనిచేస్తాయో చూడకుండానే పదో తరగతి దాటారు. వారి తాతలు ఆ తలుపులు తీయించుకుని పడవలు దాటించినవారు.

ఈ వేసవిలో కాలువ కట్టేసిన తరువాత, మావారూ, ఆయనతోపాటు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మరికొందరూ, పాలకొల్లు నుంచి నరసాపురం దాకా గట్టు వెంట నడిచి, కాలువలో కలుస్తున్న తూములను, పాడైపోతున్న రేవులను గుర్తించి రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. సంబంధిత అధికారులు అనుమతి ఇచ్చి, తమ సిబ్బందిలో ఒకరిని వెంట పంపితే ఆ జాబితాకు విలువ ఉంటుంది. దాన్ని మీ పత్రిక జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా